ఎడమ కంటి తడి

చాలా ఏళ్ళు పొద్దున్నే లేచి నేను మొదట చూసుకున్నది నా మొహం కాదు, మా అత్తగారి ఎడమ కన్ను. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, పిండి, మూసిన రెప్ప మీద ముక్కు వైపుకు తుడవాలి. చెవి వైపుకు తుడిస్తే లోపలి కన్ను తిరిగిపోతుంది. అది చేసిన కన్ను, పెట్టుడు కన్ను. పుట్టిన కన్ను, దండెం తీగ తెగి కొట్టినప్పుడు పోయింది. అప్పుడు బట్టలు ఆరేస్తున్నది ఆవిడే. తీగ తుప్పు పట్టింది మార్చరా అని మా ఆయనతో ఆవిడ చెప్పడం నేను విన్నాను. "చూద్దాంలే అమ్మా" అని ఆయన అనడమూ విన్నాను.

అప్పటికి నేను కళ్ళ ఆసుపత్రిలో నర్సును. నన్ను పేరు పెట్టి పిలిచిన డాక్టరు ఒక్కడూ గుర్తు లేడు. "ఇదిగో సిస్టర్, ఆ వెలుతురు ఇటు పెట్టు" అనేవాళ్ళు. దీపస్తంభానికి చెప్పినట్టే చెప్పేవాళ్ళు. కానీ కట్టు కట్టిన రోగులు నా చేతిని గుర్తుపట్టేవాళ్ళు. మంచం దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకోగానే "నిన్నటి చెయ్యేనా అమ్మా?" అని అడిగేవాళ్ళు. ఔనంటే మెడ వదులుగా వాల్చేసేవాళ్ళు. జీతం కంటే ఆ వాలిన మెడ బరువు నాకు ఎక్కువ గుర్తుంది.

అత్తయ్య ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మా ఆయన అన్న మాట ఇది: "బయటివాళ్ళ కళ్ళు తుడవడానికి ఊరినిండా నర్సులున్నారు. అమ్మ కన్ను తుడవడానికి ఎవరున్నారు? ఇంట్లో బావి పెట్టుకుని ఊరికి నీళ్ళకు పోతామా?" మాట బాగుంది. మాటలు బాగుండేలా చెప్పడం ఆయన వృత్తి. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ఎవరు ఏ జోడు పెట్టుకున్నా "మీ మొహానికే పుట్టింది సార్" అంటాడు. నా మొహానికి ఇల్లు పుట్టిందన్నాడు, నేను అద్దంలో చూసుకుని ఔననుకున్నాను. సెలవు పెట్టాను. సెలవు రాజీనామా అయింది. తర్వాత నర్సుల కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించుకోమని కబురొచ్చింది. "ఏం చేసుకుంటావు ఆ కార్డు? పటం కట్టించుకుంటావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మా ఇంట్లో చాలా పనులు నవ్వుతూనే ఆగిపోయాయి.

చేసిన కన్ను గురించి తెలియనివాళ్ళు, పెట్టేస్తే అయిపోయింది కదా అనుకుంటారు. దానికి ఏడుపు రాదు. ఎదుటివాళ్ళకి అది పెద్ద సుఖంలా కనిపిస్తుంది కానీ, కన్నన్నది ఎప్పుడూ ఎంతో కొంత తడిగానే ఉండాలి. లోపలి పొర నుంచి ఊరే కొద్దిపాటి తడీ ఆ నున్నటి పలక మీద నిలవదు. ఫ్యాను గాలికి, ఎండకు, పొయ్యి సెగకు ఆరిపోతుంది. ఆరిన కంటి మీద రెప్ప పడితే, నూనె లేని గిలక మీద తాడు లాగినట్టే. చప్పుడు చెవికి వినపడదు, మనిషి మొహంలో కనపడుతుంది. అత్తయ్య రెప్ప వేసిన ప్రతిసారీ పై పెదవి కొంచెం పైకి లేచేది. సగం మూసిన కన్నుతో కూర్చుంటే, వచ్చినవాళ్ళు ఆవిడ కునుకు తీస్తోందనుకుని గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. "నేను మేలుకునే ఉన్నానర్రా, నా గురించైతే గట్టిగానే చెప్పుకోండి" అనేది.

ఒకసారి చుట్టాలొస్తున్నారని మా ఆయనకు తల్లి కన్ను మెరవాలనిపించింది. నేను వంటింట్లో ఉన్నాను. తల్లి కన్ను తనే తీసి, దుకాణంలో అద్దాలు తుడిచే మందు చల్లి, అద్దాలు తుడిచే గుడ్డతో బాగా రుద్ది పెట్టేశాడు. నిజంగానే మెరిసింది. సాయంత్రానికి రెప్ప వాచి మామిడికాయంత అయింది. వాపు తగ్గాక కన్ను తీసి వెలుతురుకు పెట్టి చూస్తే సన్నటి గీతలు, ఎండిన చెరువు అడుగులా. "అద్దమే కదా అనుకున్నాను" అన్నాడు. తల్లి కన్నును బేరానికొచ్చిన సరుకులా రుద్దినవాడి మీద కోపం రావాలి. ఆయన ఆ గుడ్డనే మడతలు పెడుతూ నిలబడితే చూసి జాలేసింది. జాలి నాకు తేలిగ్గా వస్తుంది. అది కూడా జీతం లేని పనే అని అప్పటికి తెలియదు.

ఆ గీతలు తీయించడానికి వెళ్ళినప్పుడే నాకు కళ్ళమ్మగారు పరిచయం. చేసిన కళ్ళు తయారుచేసే ఆవిడ. అసలు పేరు ఏమిటో, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా అలాగే పిలిచేవాళ్ళు. సందు చివర రెండు గదులు. ఒక గదిలో రోగులు, రెండో గదిలో సొరుగుల నిండా కళ్ళు. ఎర్ర పట్టుదారం నుంచి ఒక్కొక్క పోగూ లాగి, తెల్లటి పలక మీద పరిచి, కంటి నరాలు చేసేది. ఊపిరి బిగబట్టి పరిచేది. పరిచాక "హమ్మయ్య, దీనికి నిద్ర చాలని మనిషి కన్ను వచ్చింది" అనేది.

ఆవిడ అత్తయ్య కన్ను చూసి, మా ఆయన చేసిన పని విని, ఒక్క మాటే అంది. "మీవాడు నా దగ్గరికి రాకుండా చూసుకో. వస్తే వాడి నాలుకకు మెరుగు పెడతాను."

అక్కడి నుంచి నా ప్రయోగాలు మొదలయ్యాయి. ప్రయోగాలు అనే మాట పెద్దది. వంటింట్లో ఉప్పు చూసుకున్నట్టే చూసుకున్నాను. నీళ్ళలాంటి చుక్కలు వేస్తే చెంప మీదికి జారిపోయేవి. చిక్కటి లేపనం పెడితే తడి నిలిచేది. ఆసుపత్రిలో ఆ లేపనం అంటే రోగులు మొహం తిప్పుకునేవాళ్ళు, చూపు మసకబారుతుందని. ఈ కంటికి చూపే లేదు కదా, మసక ఎవరికి? అనుకుని సంతోషించాను. సంతోషం ఒక పూటే. కన్ను సంతలో సాయంత్రం మిగిలిన చేప కన్నులా అయింది. చూపు లేకపోయినా చూసేవాళ్ళు ఉంటారని తెలిసింది. కళ్ళమ్మగారు ఒక నూనెలాంటి చుక్క ఇచ్చింది. దాన్ని కంటి మీద వేస్తే సగం రెప్పకే అంటేది. కన్ను పెట్టే ముందే చిటికెనవేలితో కంటి ముందు భాగమంతా పలచగా రాసి, అప్పుడు పై రెప్ప కిందికి జార్చి చూశాను. నిలిచింది. గాలి సంగతి మిగిలింది. దుకాణంలో పారేసే పలుచటి ప్లాస్టిక్ ముక్కలు తెచ్చి, అత్తయ్య కళ్ళజోడు పక్కల గోడల్లా అతికించాను. జోళ్ళ డబ్బాల్లో వేసే మెత్తటి గుడ్డ ముక్క ఒకటి ఎడమ గోడ లోపల కుట్టి, తడిపాను. అది తడిగా ఉన్నంతసేపూ లోపల గాలి పొడిబారదు. అత్తయ్య పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

"గుర్రానికి గంతలు కట్టావు. ఇక బండి ఎక్కడుందో చెప్పు" అంది.

ఆ రోజు ఫ్యాను కింద కూర్చుని ఆవిడ చాలాసేపు మాట్లాడింది. పై పెదవి లేవలేదు. నేను కూరగాయలు తరుగుతూ ఆ పెదవినే చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ ఎవరైనా నీ జీవితంలో సంతోషమైన రోజు ఏదంటే నాకు ముందు గుర్తొచ్చేది లేవని ఆ పెదవి.

కొన్నాళ్ళకు దుకాణానికి మధ్యాహ్నం భోజనం పట్టుకెళ్ళాను. లోపల ఎవరో పెద్దమనిషి చేతిలో అలాంటి గోడల జోడు ఉంది. మా ఆయన చెబుతున్నాడు: "మా అమ్మ బాధ చూడలేక నేనే ఆలోచించి చేశానండీ. తడి గుడ్డ ఇక్కడ పెట్టడంలోనే ఉంది కిటుకంతా." నన్ను చూసి ఆపలేదు. ఆపాల్సిన అవసరం ఉందని ఆయనకు తోచలేదు. "అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాడు, గిన్నె గురించి. ఇంటికొచ్చే దారిలో నాకు దొంగతనం జరిగినట్టు అనిపించలేదు. అదే వింత. సొంతమని ఒకటుంటేగా పోవడానికి, అనిపించింది.

కళ్ళమ్మగారికి ఆ జోడు చూపించినప్పుడు "ఎవరి ఆలోచన?" అని అడిగింది.

"ఏదో, ఇంట్లో అలా కుదిరిందండీ."

"ఇంటికి ఆలోచన రాదు. మనిషికి వస్తుంది. ఎవరికి వచ్చింది?"

"నాకే" అన్నాను. ఆ రెండక్షరాలు అనడానికి గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

ఆవిడ పట్టుపోగు పక్కన పెట్టింది. "నేను కన్ను చేసి పంపిస్తాను. ఇంటికెళ్ళాక వాళ్ళు పడే పాట్లు నాకు తెలియవు. తెలిసినా చెప్పే తీరిక లేదు, ఓపిక అసలే లేదు. కన్ను తీయడం, కడగడం, తడి పెట్టడం నేర్పే మనిషి కావాలి. అయితే నర్సు కావాలి, రిజిస్టరులో ఉన్న నర్సు. ఊరికే ఎవరినో రోగి కంటి మీద చెయ్యి వేయనివ్వను. నీ రిజిస్ట్రేషన్ బతికే ఉందా?"

ఆవిడే ఫోనులో కౌన్సిల్ వాళ్ళ పేజీ తెరిచింది. నంబరు నోటికి వచ్చేసింది నాకు, పుట్టింటి ఊరు పేరు వచ్చినట్టు. నా పేరు కనిపించింది, పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతో. ఎదురుగా, గడువు ముగిసింది అని ఉంది. పోయారన్న మనిషిని వీధిలో చూసి ఉలిక్కిపడతారే, అలా చూశాను నా పేరును. పోలేదు. గడువు మాత్రమే ముగిసింది. దాని కింద సన్నటి అక్షరాల్లో ఉన్నది కళ్ళమ్మగారు పైకి చదివింది. ఏదైనా ఆసుపత్రిలో పెద్ద నర్సు కింద మూడు నెలలు పనిచేసి సరే అనిపించుకుంటే రికార్డు మళ్ళీ నిలుస్తుంది. ఈ ఏడాది దాటితే మాత్రం మొదటి నుంచీ పరీక్షలే.

ఇంట్లో చెప్పాను. మా ఆయన కోప్పడలేదు. కోప్పడేవాళ్ళతో ఇంత కష్టం ఉండదేమో.

"నిన్నెప్పుడైనా ఒక మాట అన్నానా? చెయ్యెత్తానా? బయట ఎంతమంది ఆడవాళ్ళు ఎలా బతుకుతున్నారో నీకు తెలుసు, నర్సువే కదా. కాస్త కృతజ్ఞత ఉండాలి మనిషికి. సరే వెళ్ళు, నేనొద్దనను. పొద్దునా సాయంత్రం అమ్మ కన్ను ఎవరు చూస్తారు? అది చెప్పి వెళ్ళు."

అదీ చిక్కు. అత్తయ్య ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తనంత తాను ఆ కన్ను ముట్టుకోలేదు. కళ్ళమ్మగారు నేర్పబోతే మొహం తిప్పుకునేది. "ఆ గుంత నేను చూడలేనమ్మా" అనేది. కొడుకు మెరుగు పెట్టిన రోజున కూడా చేతులు ఒళ్ళో పెట్టుకుని మొహం అప్పగించిందే తప్ప వేలు కదపలేదు. ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ అంటే సూర్యుడి కంటే ముందే బయల్దేరాలి. ఆవిడకు చేతకాకపోతే నాకు దారి లేదు.

నేర్పడం మొదలుపెట్టాను. అద్దం ముందు కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి, వేలు ఎక్కడ ఆనించాలో చూపించేదాన్ని. ఆవిడ చెయ్యి రెప్ప దాకా వచ్చి వణికేది. "రేపు చూద్దాంలే" అనేది. ఆ ఇంట్లో ఆ మాట తల్లి నుంచి కొడుక్కి వచ్చిందో, కొడుకు నుంచి తల్లికి వచ్చిందో. ఆ మూడు నెలల పనికి ఆసుపత్రిలో చేరాల్సిన రోజు దగ్గరపడింది. ముందు రోజు పొద్దున అత్తయ్యే అంది, "ఇవాళ నేనే పెట్టుకుంటాను, మీరెవరూ రాకండి" అని. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మేమిద్దరం బయట కూర్చున్నాం. పురిటిగది బయట కూర్చున్నట్టుంది.

అత్తయ్య వచ్చింది. కుడి కన్ను మమ్మల్ని చూస్తోంది. ఎడమ కన్ను ఇంటికప్పును చూస్తోంది. కన్ను తలకిందులుగా పెట్టుకుంది.

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మా, ఒక కన్ను ఇక్కడుంది, ఇంకోటి బూజు దులపడానికి వెళ్ళిందే!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగి, మెల్లగా అన్నాడు. "చూశావుగా. ఇప్పుడు నువ్వే చెప్పు."

ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకున్న తెల్లబట్టలు తీసి పెట్టెలో పెట్టేశాను. ఆసుపత్రికి ఫోను చేసి రాలేనని చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచించాను. అలాంటి మాటలు నాకు చాలా వచ్చు. అంతలో అత్తయ్య కన్ను సరిచేయాలని గుర్తొచ్చి, చేతులు కడుక్కుని ఆవిడ గది దగ్గరికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది.

అద్దం ముందు నిలబడి ఉంది. కూర్చుని కాదు, నిలబడి. కింది రెప్ప ఒక వేలితో లాగింది, కన్ను అరచేతిలోకి జారింది. గిన్నెలో కడిగింది. నూనె చుక్క వేసి చిటికెనవేలితో పలచగా రాసింది, నేను రాసినట్టే, అంచు దగ్గర వేలు ఒక చుట్టు తిప్పి. పై రెప్ప ఎత్తింది, జార్చింది, కింది రెప్ప వదిలింది. కన్ను తిన్నగా ఉంది. చెయ్యి వణకలేదు. పాలు పితికే చెయ్యి ఆవు పొదుగును చూడదు, అలా చేసింది. మొదటిసారి చేసే చెయ్యి అలా ఉండదు. నాకు చేతులు తెలుసు.

అద్దంలో నన్ను చూసింది. వెనక్కి తిరగలేదు.

"ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"చాన్నాళ్ళయింది. నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా."

"మరి ఇందాక?"

"కావాలనే పెట్టుకున్నానే. నువ్వు ఆగిపోతావని." గిన్నె పక్కకు జరిపింది. "మీ మామయ్య పోయాక, మెరుగు పెట్టడానికి తప్ప, నా మొహం ఎవరు ముట్టుకున్నారే అమ్మాయ్? నాకు జ్వరమొస్తే వాడు గుమ్మంలో నిలబడి ఎలా ఉందమ్మా అంటాడు, అటు నుంచి అటే పోతాడు. నీ చెయ్యి పొద్దునా సాయంత్రం నా చెంప మీద పడేది. కన్ను పోతే పోయిందిలే అని కూడా అనుకున్నాను ఒక్కోరోజు. పాపిష్టిదాన్ని."

నేను ఓరగా ఉన్న తలుపు పూర్తిగా తోశాను.

"వాడు నవ్వాడు. నవ్వనీ అనుకున్నా. ఆ తర్వాత నీ మొహం చూశాను. ఆరిపోయింది. నాకున్నది ఒకటే కన్ను, దానికి కనపడిందే. రెండున్నవాడికి కనపడలేదు." అప్పుడు తిరిగింది నా వైపు. "ఆ తెల్లబట్టలు బయటికి తియ్యి. మడతలు పడతాయి."

నాకు కోపం వచ్చింది. అది దాచను. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, కాళ్ళలో నుంచి వచ్చింది కోపం. ఎన్ని పొద్దులు, పెళ్ళిళ్ళకు వెళ్ళకుండా ఆగిపోయిన ఎన్ని ప్రయాణాలు, పుట్టింట్లో అమ్మకు బాగాలేనప్పుడు ఒక్క రాత్రి ఉండకుండానే తిరిగి ఎక్కిన బస్సులు, అన్నీ ఈ వణకని చెయ్యి కోసమా అనుకున్నాను. నన్ను ఇంట్లో ఉంచింది ఆయన మాట అనుకున్నాను ఇన్నాళ్ళూ; ఆయన మాట ఒక పక్క గోడే, రెండో పక్క గోడ ఈవిడ. మరి ఈవిడకు ఎవరు కట్టారు గోడలు? ఇంటెడు చాకిరీ చేసి, కొడుకుని పెంచి, తీగ మార్చమని అడిగి, మార్చకపోతే కన్ను పోగొట్టుకుని, ఒక చెయ్యి చెంప మీద పడాలంటే చేతకానిదానిలా నటించాల్సిన బతుకు. అడిగి తీసుకోవడం ఎవరూ నేర్పలేదు ఆవిడకు. నాకూ నేర్పలేదు. ఆవిడ చేతకానట్టు నటించింది, నేను ఇష్టమైనట్టు నటించాను. ఆవిడ తలుపు గట్టిగా వేసుకునే సరిచేసుకోవచ్చు, చెప్పకుండా ఉండవచ్చు. కన్ను తలకిందులుగానే పెట్టుకుని ఇంకో పదేళ్ళు ఇంటికప్పును చూస్తూ బతకవచ్చు, నేను కిందే తిరుగుతూ ఉండేదాన్ని. చెప్పింది. తనకున్న ఒకే ఒక్క సుఖాన్ని తన చేత్తో తీసి నా చేతిలో పెట్టింది. కృతజ్ఞత ఉండాలి మనిషికి అని మా ఆయన అంటాడు. అదెలా ఉంటుందో నాకు ఆ గుమ్మంలో తెలిసింది. అది తల వంచమనదు. నడుం నిలబెడుతుంది.

మర్నాడు చీకటి విడుతుండగా తెల్లబట్టలు కట్టుకుని బయటికొచ్చాను. మా ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. "అమ్మ కన్ను?" అన్నాడు.

అత్తయ్య గదిలోంచి వచ్చింది. మొహం కడుక్కుంది, రెండు కళ్ళూ తిన్నగా ఉన్నాయి, గంతల జోడు పెట్టుకుంది.

"నా కన్ను నేను చూసుకుంటానురా. నీ కంచం నువ్వు చూసుకో" అంది.

మా ఆయన నోరు తెరిచి, నన్ను చూసి, తల్లిని చూసి, మళ్ళీ నన్ను చూశాడు. పాపం అనిపించలేదు నాకు. మొదటిసారి.

మూడు నెలలూ గడిచాయి, రికార్డు నిలిచింది, ఇప్పుడు కళ్ళమ్మగారి ముందు గదిలో నా బల్ల ఉంది. ఆ సంగతి చెప్పడానికి ఇంతకంటే మాటలు అక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ పొద్దుటి సంగతి. చెప్పులు వేసుకుని, మెట్లు దిగబోయి, వెనక్కి వచ్చాను. అత్తయ్య నా చెయ్యి ఎటు వస్తుందో తెలిసినదానిలా ఎడమ కన్ను మూసి మొహం పైకెత్తింది.

నేను కుడి చెంప మీద చెయ్యి పెట్టాను. అక్కడ తుడవడానికేమీ లేదు, చుక్క వేసే పని లేదు. ఊరికే పెట్టి, అలాగే కాసేపు నిలబడ్డాను.